'రన్' అర్థాలను బట్టీ పట్టకండి

ప్రశ్న: ఇంటర్ వరకు తెలుగు మాధ్యమంలో చదివాను. డిగ్రీ పూర్తయింది. ఒక చిన్న ఆఫీసులో పనిచేస్తూ బ్యాంకు పరీక్షలకు సిద్ధమవుతున్నాను. ఈమధ్య మా మేనేజరుగారు ఒక కాగితం చేతికిచ్చి 'రన్ దిస్ బై అకౌంట్స్' అన్నారు. త్వరగా ఇచ్చి రమ్మన్నారనుకుని పరుగున వెళ్లి అకౌంట్స్ వాళ్లకు ఇచ్చి వచ్చేశాను. వాళ్లకు చూపించి, ఏమంటారో కనుక్కుని రమ్మని దాని అర్థమట. అందరూ నవ్వారు. ఆ రాత్రే డిక్షనరీ తీసి 'రన్'కు ఉన్న అర్థాలన్నీ నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టాను. ఎనభై దాకా రాశాను. మర్నాటికి పది కూడా గుర్తులేవు. ఒక్క మాటకు ఇన్ని అర్థాలుంటే ఎలా నేర్చుకోవాలి? మన తెలుగులో ఈ గందరగోళం లేదు కదా? ఇంటర్ చదువుతున్న మా తమ్ముడికి కూడా ఒక మంచి డిక్షనరీ కొందామనుకుంటున్నాను. ఏది కొనమంటారు? — ఒక పాఠకురాలు, పార్వతీపురం

సమాధానం: అమ్మా, ముందు ఆ నోటుబుక్కు పక్కన పెట్టండి. మీ జ్ఞాపకశక్తికి వచ్చిన లోపం ఏమీ లేదు. అలా వరుసగా రాసిన అర్థాలు ఎవరికీ గుర్తుండవు, ఇంగ్లిష్‌లోనే పుట్టి పెరిగినవారికి కూడా. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ కోసం ఈ ఒక్క మాటను తిరగరాయడానికి పీటర్ గిల్లివర్ అనే సంపాదకుడికి 9 నెలలు పట్టింది. క్రియగా వాడినప్పుడు మాత్రమే దీనికి 645 అర్థాలున్నాయని ఆయన తేల్చారు. నిపుణుడికి 9 నెలలు పట్టిన పనిని మీరు ఒక్క రాత్రిలో ముగించాలని కూర్చున్నారు.

ఈ పెద్దపీట మొదటినుంచీ 'రన్'దే కాదు. 1755లో వెలువడిన శామ్యూల్ జాన్సన్ నిఘంటువులో 'టేక్' అనే మాటకు 134 అర్థాలు కనిపిస్తాయి. 1989లో 20 సంపుటాలుగా వచ్చిన ఆక్స్‌ఫర్డ్ రెండో కూర్పులో అన్నిటికన్నా పొడవైన వివరణ 'సెట్'కు దక్కింది: 430 అర్థాలు, సుమారు 60,000 మాటల వివరణ. ఆ తర్వాత జరిగిన సవరణల్లో 'రన్' దాన్ని దాటిపోయింది. 2011లో ఈ సంగతి పత్రికలకు ఎక్కింది. ఎందుకు దాటిందో ఊహించడం కష్టం కాదు. 'సెట్' ఒకచోట కుదురుగా ఉంచే మాట, 'రన్' కదిలే మాట. ఆవిరి యంత్రం వచ్చిన నాటి నుంచి మిల్లులు, రైళ్లు, మోటార్లు, చివరికి కంప్యూటర్ ప్రోగ్రాముల వరకు ఏది వచ్చినా ఇంగ్లిష్‌వారు దానికోసం కొత్త క్రియను వెతకలేదు. ఈ పాత మాటనే దానికీ వాడుకున్నారు. యంత్రాలు పెరిగినకొద్దీ మాట పని పెరిగింది.

మీ రెండో ప్రశ్న నాకు ఎక్కువ ఇష్టం కలిగించింది కనుక దాని దగ్గర కాస్త ఆగుతాను. తెలుగులో ఈ గందరగోళం లేదన్నారు. 'ఆడు' అనే చిన్న మాటను తీసుకోండి. పిల్లలు వీధిలో ఆడుతున్నారు. పట్నంలో ఆ సినిమా ఇంకా ఆడుతోంది. గదిలో గాలి ఆడటం లేదు. ఆయాసంతో ఊపిరి ఆడటం లేదు. కబురు విన్నాక కాలూ చెయ్యీ ఆడలేదు. పంట అమ్మాక చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్నాయి. మిల్లుకు వెళ్లి పిండి ఆడించుకురా. గానుగలో నువ్వుల నూనె ఆడిస్తున్నారు. అతను అబద్ధం ఆడడు. ఆమె బాగా బేరమాడుతుంది. కుక్క తోక ఆడిస్తోంది. కోడలు నీళ్లాడింది అంటే ప్రసవించిందని అర్థం. ఇక వేటాడటం, పోట్లాడటం, వెంటాడటం, కొనియాడటం, మాట్లాడటం సరేసరి.

తెలుగు నేర్చుకోవడానికి వచ్చిన ఒక ఇంగ్లిష్ అమ్మాయి ఈ వాక్యాలన్నీ విన్నదనుకోండి. ఆడటమంటే క్రీడ అని మొదటి పాఠంలో చదువుకున్న ఆమెకు పిండి ఎందుకు ఆడుతోందో, అబద్ధం ఎలా ఆడతారో అంతుపట్టదు. ఆమె కూడా నోటుబుక్కు తీసి ఎనభై అర్థాలు రాసుకుంటుంది, మర్నాటికి మరిచిపోతుంది. మీరు మాత్రం ఒక్కటీ బట్టీ పట్టకుండానే ఇవన్నీ నేర్చుకున్నారు. ఎలా? 'ఆడించుకురా' అన్న మాట మీ చెవిన పడిన ప్రతిసారీ దాని పక్కన పిండి ఉంది, మిల్లు ఉంది, చేతిలో సంచి ఉంది. 'ఊపిరి' వచ్చినప్పుడు ఉబ్బసం ఉన్న మనిషి ఎదురుగా ఉన్నారు. మీకు ఆ మాట ఒంటరిగా ఎప్పుడూ రాలేదు. తోడుగా ఇంకొక మాటను వెంటబెట్టుకునే వచ్చింది.

మాటకు అర్థం దాని సహవాసాన్ని బట్టి తెలుస్తుందని గట్టిగా చెప్పిన భాషావేత్త జె.ఆర్. ఫర్త్. ఆయన 1919 నుంచి 1928 వరకు లాహోరులోని పంజాబ్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లిష్ బోధించారు. 1937లో మళ్లీ మన దేశానికి వచ్చి గుజరాతీతో పాటు తెలుగును కూడా పరిశీలించారు. సహవాసం గురించి ఆయన 1957లో రాసిన మాట ఈనాటికీ భాషాశాస్త్రంలో చెప్పుకుంటారు. మీ నోటుబుక్కులో జరిగింది సరిగ్గా దీనికి తలకిందులు. ఒకవైపు 'రన్', మరోవైపు ఎనభై తెలుగు అర్థాలు రాశారు. తోడుగా ఉండవలసిన మాట ఒక్కటీ లేదు.

ఇక 'రన్' లోపలికి వెళదాం. దీని మూలం పట్టుకుంటే సగం పని అయినట్టే. వెయ్యేళ్ల నాటి పాత ఇంగ్లిష్‌లో దీని పూర్వరూపానికి పరుగెత్తడమూ, నీరు ప్రవహించడమూ రెండూ అర్థాలే. చుట్టమైన జర్మన్ భాషలో ఇప్పటికీ రెన్నెన్ అంటే పరుగెత్తడం, రిన్నెన్ అంటే కారడం. ఈ జోడీ తెలుగువారికి కొత్త కాదు. కాలవలో నీళ్లు పారుతున్నాయి, దొంగ పారిపోయాడు అంటాం. నీటికీ దొంగకూ ఒకటే క్రియ. అంతటితో ఆగలేదు, వేసిన ఎత్తు పారింది, పాచిక పారలేదు అని కూడా అంటున్నాం. కనుక 'రన్' అనగానే మైదానంలో పరుగు పందెం ఊహించుకోవడం మాని, గట్ల మధ్య పారే నీటిని ఊహించుకోండి. ఒక దారి వెంట ఆగకుండా సాగిపోవడం దీని మూలార్థం.

అలా చూస్తే చాలా వాడుకలు వాటంతటవే విడిపోతాయి. ముక్కు 'రన్' అయితే కారుతోందని. కుళాయి 'రన్' అవుతుంటే నీళ్లు వస్తున్నాయని. ఉతికినప్పుడు చొక్కా రంగులు 'రన్' అయ్యాయంటే రంగు దిగి పక్క బట్టకు అంటుకుందని. ఇవి నేరుగా నీటి సంగతులు. రోడ్డు నది ఒడ్డున 'రన్' అవుతుంది, అంటే ఆ వెంట సాగుతుంది. కాంట్రాక్టు మూడేళ్లు 'రన్' అవుతుంది, అంటే అమల్లో ఉంటుంది. నాటకం ఆరు వారాలు 'రన్' అయింది, అంటే ఆడింది. ఒక లక్షణం కుటుంబంలో 'రన్' అవుతుందంటే తరతరాలుగా వస్తోందని. దారి ఒక్కొక్కచోట నేల మీద ఉంటుంది, ఒక్కొక్కచోట కాలంలో ఉంటుంది, ఒక్కొక్కచోట రక్తసంబంధంలో ఉంటుంది. సాగడం మాత్రం అన్నిచోట్లా ఉంది.

తనంతట తాను సాగేదాన్ని మనిషి సాగిస్తే? అప్పుడు కర్మ వచ్చి చేరుతుంది. దుకాణాన్ని, బడిని, యంత్రాన్ని, ప్రోగ్రామును 'రన్' చేయడం. తెలుగులో నడవడం నుంచి నడపడం వచ్చినట్టే ఇది. దుకాణం నడపడం, సంసారం నడపడం, బస్సు నడపడం అని మనమూ అంటున్నాం. ఇంగ్లిష్ ఒక్క 'రన్'తో చేయించే పనిని తెలుగు పారడానికి, కారడానికి, ఆడటానికి, నడవడానికి, సాగడానికి పంచి ఇచ్చింది. అందువల్ల 'రన్'కు ఒకే తెలుగు మాట కోసం వెతికితే దొరకదు. తెలుగు వాక్యం సహజంగా ఎలా ఉంటుందో అనుకుని చూడండి, సరిపోయే క్రియ దానంతటదే వస్తుంది.

ఎన్నికల వాడుక ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి. అమెరికాలో అభ్యర్థులు పదవికి 'రన్' అవుతారు, బ్రిటన్‌లో 'స్టాండ్' అవుతారు. ఒక దేశంలో పరుగు, ఇంకొక దేశంలో నిలబడటం! మన ఊళ్లలోనూ సర్పంచ్ పదవికి నిలబడ్డాడనే అంటారు. అమెరికా వార్తల్లో 'రన్నింగ్ మేట్' అన్న మాట తగిలితే ఉపాధ్యక్ష పదవికి పోటీ చేసే సహచర అభ్యర్థి అని తెలుసుకుంటే చాలు.

క్రికెట్ చూసే అలవాటు ఉంటే దాన్ని వాడుకోండి. క్రికెట్‌లో రన్ అంటే పరుగు అని అందరికీ తెలుసు, కానీ బంతి బౌండరీ దాటితే బ్యాటర్ అడుగు కదపకపోయినా నాలుగు పరుగులు వస్తాయి. అంటే అక్కడే ఆ మాట పరుగెత్తడం నుంచి విడిపోయి ఒక లెక్కగా మారింది. బౌలర్ బంతి వేసే ముందు పరుగెత్తుకుంటూ రావడం 'రన్ అప్'. వార్తల్లో 'ఎన్నికల రన్ అప్' అని చదివితే ఎన్నికలకు ముందు వేడెక్కే రోజులు అని అర్థం చేసుకోవడానికి ఆ బౌలర్ గుర్తుకొస్తే చాలు. 'రనౌట్' దగ్గర మాత్రం జాగ్రత్త. ఆటలో అది పరుగు తీస్తుండగా అవుట్ కావడం. ఇంట్లో పంచదార 'రన్ అవుట్' అయితే అయిపోయిందని అర్థం. రెండో దానికి ఆటతో సంబంధం లేదు. పారవలసినదంతా పారిపోయి పాత్ర ఖాళీ అయిందన్నమాట.

మీరు బ్యాంకులో చేరబోతున్నారు కాబట్టి ఈ వాడుక తప్పనిసరిగా తెలియాలి: బ్యాంకు మీద 'రన్'. బ్యాంకు మునిగిపోతుందన్న భయంతో డిపాజిటర్లు ఒక్కసారిగా సొమ్ము వెనక్కి తీసుకోవడానికి ఎగబడటం. 2007 సెప్టెంబరులో బ్రిటన్‌లో నార్తర్న్ రాక్ బ్యాంకు శాఖల ముందు జనం బారులు తీరిన దృశ్యాలు ప్రపంచమంతా చూసింది. 2023 మార్చి 9న అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు నుంచి ఖాతాదారులు ఒక్కరోజులో 4,200 కోట్ల డాలర్లు తీసుకోవడానికి ప్రయత్నించారు. చాలామంది ఉన్నచోటి నుంచి కదలకుండా ఫోన్లు, కంప్యూటర్ల మీదనే ఆ పని చేశారు. అయినా దాన్ని 'రన్' అనే అన్నారు. మన దేశంలో ఇలాంటి భయాన్ని తగ్గించడానికే డిపాజిట్లకు బీమా ఉంది. ఆ పరిమితి 2020 నుంచి ఒక్కో బ్యాంకులో ఒక్కో డిపాజిటరుకు 5 లక్షల రూపాయలు. ఇంగ్లిష్ ప్రశ్నపత్రానికీ, బ్యాంకింగ్ పరిజ్ఞానానికీ రెండింటికీ పనికివచ్చే మాట ఇది.

మిమ్మల్ని ఇబ్బంది పెట్టిన వాడుక వేరే జాతికి చెందినది. క్రియకు 'బై', 'ఇంటూ', 'ఓవర్', 'డౌన్', 'త్రూ' లాంటి చిన్న మాట తగిలినప్పుడు ఆ రెండూ కలిసి కొత్త మాట అయిపోతాయి. వాటిని విడదీసి అర్థం కూడబలుక్కోవడం పనికిరాదు. తెలుగులో పట్టడం, పట్టించడం, పట్టించుకోవడం ఉన్నాయి. పట్టడం తెలిసినంత మాత్రాన 'నన్ను ఎవరూ పట్టించుకోలేదు' అన్న వాక్యం ఎవరికీ అర్థం కాదు. అలాగే 'రన్ ఇంటూ' అంటే అనుకోకుండా ఎదురుపడటం, లేదా గుద్దుకోవడం. 'రన్ ఓవర్' అంటే వాహనం మనిషి మీద నుంచి పోవడం, లేదా అనుకున్న సమయం దాటిపోవడం. 'రన్ త్రూ' అంటే ఒకసారి మొదటి నుంచి చివరిదాకా చూసుకోవడం. మనిషిని 'రన్ డౌన్' చేస్తే కించపరచడం, ఇల్లు 'రన్ డౌన్' అయిందంటే బాగోగులు చూడక పాడుబడిందని. మేనేజరుగారు అన్న 'రన్ బై' అంటే ఒక విషయాన్ని ఒకరి ముందు పెట్టి అభిప్రాయం అడగడం. వీటిని 'రన్' కింద కాకుండా వేటికవే విడి మాటలుగా, ఒక్కొక్కటీ ఒక్కో పేజీలో రాసుకోండి.

ఆ 'రన్ బై' ఆఫీసు మాటల్లో వినిపించే వాడుక, మన పాఠ్యపుస్తకాల్లో దాదాపు కనిపించదు. అది తెలియకపోవడం చదువు లేకపోవడం కాదు. నవ్వినవారిలో ప్రతి ఒక్కరూ ఆ మాటను ఎప్పుడో ఒకప్పుడు మొదటిసారి విన్నవారే. ఇకముందు పని అప్పగించినప్పుడు సందేహం వస్తే అక్కడికక్కడే అడగండి: "సార్, ఇచ్చి వచ్చేయమంటారా, వాళ్లు ఏమంటారో కనుక్కుని రమ్మంటారా?" ఈ ప్రశ్న అడిగిన ఉద్యోగిని ఏ మంచి అధికారీ తక్కువగా చూడరు. పని పాడుకాకుండా చూసుకునే మనిషి అని గుర్తిస్తారు.

ఇప్పుడు పద్ధతి. 645 అర్థాలు మీకు అవసరం లేదు. పత్రిక చదవడానికి, ఆఫీసులో పనిచేయడానికి, పరీక్ష రాయడానికి ఇరవై ముప్పై వాడుకలు చాలునని నా అభిప్రాయం. రోజూ ఇంగ్లిష్ పత్రికలో ఒక పేజీ చదవండి. 'రన్' కనబడిన వాక్యాన్ని మొత్తంగా రాసుకోండి, కత్తిరించకండి. ఏది రన్ అవుతోంది అన్న ప్రశ్న వేసుకోండి. మనిషా, నీళ్లా, యంత్రమా, కాలమా, సంస్థా? తర్వాత, దాని వెనుక ఏముందో చూడండి. కర్మ ఉందా, చిన్న మాట ఉందా, ఏమీ లేదా? ఈ రెండింటికీ జవాబు దొరికితే అర్థం తొంభై పాళ్లు తేలిపోతుంది. ఆ తర్వాతే డిక్షనరీ తెరిచి మీ ఊహను సరిచూసుకోండి. ముందు ఊహించి తర్వాత చూసిన అర్థం మనసులో నిలుస్తుంది. ముందే చూసేసిన అర్థం నిలవదు. వారం చివర ఆ వాక్యాల్లో 'రన్' ఉన్నచోట ఖాళీ వదిలి మళ్లీ పూరించండి. బ్యాంకు పరీక్షల్లో ఒకే మాటను నాలుగు వాక్యాల్లో వాడి ఎందులో సరిగా ఉందో చెప్పమనే ప్రశ్నలకు ఇంతకన్నా మంచి సాధన నాకు తెలియదు. ఒక చిన్న హెచ్చరిక: ఈ క్రియ భూతకాలంలో 'ర్యాన్' అవుతుంది, 'హ్యావ్' తర్వాత వచ్చే రూపంలో మళ్లీ 'రన్' అవుతుంది. తప్పు వాక్యం గుర్తించమన్నప్పుడు ఇక్కడే చాలామంది మార్కులు పోగొట్టుకుంటారు.

ఈ శ్రమ ఒక్క 'రన్' కోసం ఎందుకని మీకు అనిపించవచ్చు. జార్జ్ కింగ్స్‌లీ జిఫ్ అనే అమెరికన్ పండితుడు 1945లో ఒక సంగతి చూపించారు. ఒక మాట ఎంత ఎక్కువగా వాడుకలో ఉంటే దానికి అన్ని ఎక్కువ అర్థాలు ఉంటాయి. దీన్ని మనకు అనుకూలంగా తిప్పుకోవచ్చు. అర్థాలు విపరీతంగా ఉన్న మాటలు ఇంగ్లిష్‌లో కొన్నే: గెట్, టేక్, సెట్, పుట్, మేక్, గో, కమ్, టర్న్, రన్. అవే ప్రతి పేజీలోనూ ఎదురవుతాయి. నెలకొక మాట చొప్పున ఇలా సాధన చేస్తే ఏడాది తిరిగేసరికి మీ చదువులో అడ్డుపడే చోట్లు బాగా తగ్గుతాయి. పోటీ పరీక్షల పుస్తకాల్లో ఇచ్చే కఠినపదాల పట్టికల మీద చాలామంది నెలలు ఖర్చుచేస్తారు. ఆ పదాల్లో చాలా వాటికి ఒకే అర్థం, అదీ అరుదుగా ఎదురవుతుంది. చిన్న మాటలను నిర్లక్ష్యం చేసి వాటి వెంటపడటం నాకు బాధ కలిగిస్తుంది.

తమ్ముడి డిక్షనరీ విషయం. ఇంట్లో శంకరనారాయణ నిఘంటువు ఉంటే పారేయవద్దు. తెలుగు మాట వెంటనే కావాలంటే అది మంచి తోడు. కానీ 'రన్' లాంటి మాటలకు వాక్యాలు ఇచ్చే డిక్షనరీ కావాలి. అది ఇంగ్లిష్ పరాయిభాషగా నేర్చుకునేవారి కోసం రాసినదై ఉండాలి. జపాన్‌లో ఏళ్ల తరబడి పాఠం చెప్పిన ఎ.ఎస్. హార్న్‌బీ అక్కడి విద్యార్థుల కష్టాలు చూసి ఇద్దరు సహచరులతో కలిసి ఇలాంటిది తయారుచేశారు. 1942లో మొదట టోక్యోలో వచ్చిన ఆ పుస్తకాన్ని 1948లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురించింది. అదే నేటి 'ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ'. ఇంటర్ విద్యార్థికి నేను దీన్నే కొనమంటాను. ఎక్కువ అర్థాలున్న మాటలకు ఇందులో ప్రతి అర్థం ముందూ ఒక చిన్న గుర్తుమాట ఉంటుంది. నీళ్ల సంగతా, యంత్రం సంగతా అన్నది వెంటనే తెలిసిపోతుంది.

మీకు మాత్రం 'కాలిన్స్ కోబిల్డ్' ఎక్కువ ఉపయోగపడుతుంది. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ సింక్లెయిర్ నాయకత్వంలో రూపొంది 1987లో వచ్చింది. ఇది అర్థాన్ని పూర్తి వాక్యంగా చెబుతుంది. ఎవరు, దేన్ని, ఎలా 'రన్' చేస్తారో ఆ వాక్యంలోనే ఉంటుంది కనుక నేను పైన చెప్పిన రెండు ప్రశ్నలకూ అక్కడే జవాబు దొరుకుతుంది. రెండింటినీ ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడవచ్చు. తమ్ముడికి మాత్రం అచ్చు పుస్తకమే కొనండి, ఒక మాట కోసం తెరిస్తే పక్క మాటలు కూడా కంటపడతాయి. కొత్త కూర్పు ధర ఎక్కువ అనిపిస్తే పాత పుస్తకాల దుకాణంలో వెనకటి కూర్పు తీసుకోండి, ఇంటర్ చదువుకు తేడా ఏమీ రాదు.